ఒంటిపాయ నది

"స్లూలో రండి" అంది వెర్నా టైటస్ రేడియోలో. ఆ గరగరలో నాకది "స్లోగా రండి" అన్నట్టు వినిపించింది. పెద్దావిడ, మర్యాద తెలిసిన మనిషి, నెమ్మదిగా రమ్మంటోంది కాబోలనుకుని ఇంజన్ తగ్గించి, పెళ్ళికూతుర్ని పీటల మీదికి నడిపించినట్టు పడవని నడినదిలో నడిపించాను. నెల్కానా నదిలో నెమ్మదిగా వెళ్ళే పడవ ఎక్కడికీ వెళ్ళదు. కాసేపటికి అడుగున కరకరమంది. పడవ దిబ్బెక్కింది.

"ఆగిపోయేమాండీ?" అంది నా భార్య తిలోత్తమ, ఒళ్ళో పెట్టుకున్న సీసాల పెట్టె మీంచి తలెత్తి.

"మనం ఆగలేదు తిలా. నది వెళ్ళిపోయింది."

అందులో అబద్ధమేమీ లేదు. అలాస్కా నడిబొడ్డున పారే నెల్కానా ఒక నది కాదు, నదుల గుంపు. పైనున్న మంచుకొండలు రాళ్ళని తిరగట్లో వేసి విసిరినట్టు మెత్తగా విసిరి, ఇంతింత ఒండ్రు కిందికి తోస్తాయి. ఆ బరువు మోయలేక నది దాన్ని మధ్యలోనే దించేస్తుంది. దించిన దిబ్బ తనకే అడ్డమొచ్చి రెండుగా చీలుతుంది. చీలినవి కలుస్తాయి, కలిసినవి మళ్ళీ తగువు పడతాయి. మైళ్ళ వెడల్పున గులకరాళ్ళ మీద పాయలు పాయలుగా, ఎవరో తీరుబడిగా అల్లడం మొదలుపెట్టి విసుగొచ్చి వదిలేసిన జడలా ఉంటుంది. ఎన్ని పాయలో లెక్కపెట్టేలోపు ఒకటి ఎండిపోయి ఇంకోటి పుడుతుంది. నీళ్ళది బూడిద రంగు. పడవ అడుగుకి చెవి ఆనిస్తే, ఒండ్రు రాసుకుంటూ పోయే చప్పుడు కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు సుయ్యిమంటూనే ఉంటుంది.

మమ్మల్ని దిబ్బ మీంచి దించడానికి పక్కనున్న విల్లో పొదల్లోంచి ఒక సన్నటి పడవ వచ్చింది. అందులో యాభై దాటిన మనిషి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. వెర్నా తమ్ముడు క్లారెన్స్.

"స్లో కాదు. స్లూ," అన్నాడు, పొదల వెనకాల సన్నగా, నల్లగా, కదలకుండా ఉన్న పాయని చూపించి. "పెద్ద నది పొద్దున్న ఒక దారి చెబుతుంది, మధ్యాహ్నం ఇంకో దారి. స్లూ అలా మాట మార్చదు. పంపులు తెచ్చింది నువ్వేనా?"

"నేనే. భీమశంకరం."

వాడు ఆ పేరుని నోట్లో వేసుకుని ఒకసారి నమిలి చూశాడు. "పంపు," అన్నాడు చివరికి. ఆ రోజు నుంచి టైటస్ లాండింగ్ అనే ఆ ఊళ్ళో నా పేరు పంపు. తిలోత్తమ పేరు టిల్లీ.

మా ఆవిడ పేరు మీద నాకున్న హక్కు అంత తేలిగ్గా వదులుకునేది కాదు. తిల అంటే నువ్వు గింజ. పెళ్ళైన కొత్తలో "తిలంటే నువ్వే, నువ్వంటే తిలే" అని రోజుకోసారైనా వాగేవాణ్ణి. ఆవిడ మొదటిసారి నవ్వింది. రెండోసారి నుంచి సూక్ష్మదర్శినిలో చూసుకుంటూ "ఊఁ" అంటోంది. ఆవిడది గోదావరి మధ్యలో ఒక లంక. లంకలో వాళ్ళకి లంకంత ఇల్లుండేది. ఒక్కో వరదకీ ఒక్కో గది చొప్పున గోదారి దాన్ని కోసుకుపోయింది. ఆఖర్న వంటిల్లొక్కటీ మిగిలితే అందులోనే పడుకుని చదువుకుంది. ఏం చదివావంటే మట్టి అంటుంది. మట్టి ఎందుకు జారుతుంది, జారకుండా ఏం చెయ్యాలి, జీవితంలో ఆవిడ అడిగిన ప్రశ్నలు ఆ రెండే. నన్ను పెళ్ళికి అడిగింది కూడా వాళ్ళ నాన్నగారే.

టైటస్ లాండింగ్‌ని కూడా నది అలాగే కోస్తోంది. వెర్నా చేపలు పొగబెట్టే పాక ఆ ముందటేడే నీళ్ళలోకి జారిపోయింది. ఇప్పుడు గట్టు అంచుకీ ఆవిడ గుమ్మానికీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా మిగిలింది. ఇంటి వెనకాల ఊరి శ్మశానం. ఇల్లు పోతే తరువాత వరస అక్కడ పడుకున్నవాళ్ళదే.

ఊరి హాల్లో అందరి ముందూ తిలోత్తమ ఒక బకెట్లో నది ఒండ్రు తెప్పించి, దాని మీద సీసాలోంచి పాలలాంటి నీళ్ళు ఒక కప్పు పోసి, పొయ్యి దగ్గర పెట్టించింది. మర్నాడు బకెట్ బోర్లిస్తే ముద్ద ఊడిపడింది. క్లారెన్స్ గొడ్డలి తెచ్చి రెండు చేతులా వేశాడు. గొడ్డలి అంచు వంగింది. ముద్దకి గీత పడింది.

"దీని పేరేంటి?"

"గట్టుజీవి," అన్నాను నేను. పేరు పెట్టింది నేనే. గట్టుని గట్టి చేస్తుంది కనక.

"కంటికి కనబడని ప్రాణి," అంది తిలోత్తమ. "ఒండ్రు రేణువుల మధ్య చేరి జిగురు కక్కుతుంది. జిగురు రాయవుతుంది. మేం పంపుతో మేత పోసినంత కాలమే బతుకుతుంది. మేత ఆపితే చచ్చిపోతుంది. మేం పెట్టింది తప్ప ఇంకేదీ తినదు."

"నా కుక్కలకి కూడా రోజూ అదే చెబుతాను," అన్నాడు క్లారెన్స్.

హాలంతా నవ్వింది. తిలోత్తమ కూడా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

అక్కడ వేసవిలో పొద్దు గుంకదు. నేను పంపులు తిప్పాను, ఆవిడ మేత కలిపింది, క్లారెన్స్ పడవ నడిపాడు. గట్టు వెంబడి గొట్టాలు దించి ఒండ్రులోకి ఆ పాలనీళ్ళు పంపించాం. మొదట గట్టు రంగు మారింది, తరువాత చప్పుడు మారింది. అంతకుముందు రోజుకి పదిసార్లు ధబ్బుమని మట్టిపెళ్ళ విరిగి నీళ్ళలో పడేది. ఆ ధబ్బు ఆగింది. వెర్నా గుమ్మంలో కుర్చీ వేసుకుని టీ తాగుతూ, పడని గట్టుని సినిమా చూసినట్టు చూసేది.

"మీ ఊరు గట్టెక్కింది," అన్నాను. తెలుగులో అన్నాను. అర్థం కాకపోయినా ఆవిడ తలూపింది.

ఒకవైపు గట్టు గట్టిపడేసరికి నది ఆ వైపు వాలింది. వాలిన చోట లోతు తవ్వింది. లోతైన చోటికి మిగతా పాయల నీళ్ళు కూడా వచ్చి చేరాయి. ఒక్కో పాయే సన్నబడి, దిబ్బల మధ్య గుంటలై, ఎండి, గాలికి దుమ్ము లేపడం మొదలుపెట్టింది. వేసవి చివరికి నెల్కానాకి మిగిలింది ఒకటే పాయ, సిమెంటు కాలువలాగా తిన్నగా. జడ కాస్తా జడమైపోయిందని నేనంటే తిలోత్తమ ఊఁ కొట్టలేదు. గట్టు మీద నిలబడి ఎగువకి చూస్తోంది.

"ఒక గట్టుకే పోసేం కదండీ," అంది. "అవతలి గట్టు ఎందుకు గట్టిపడింది?"

ఆకులు పండే కాలానికి మేత ఆపేసింది. జీవి చావాలి. వారం పోయాక ఒండ్రు తీసి చూస్తే చావలేదు. ఇంకో వారం చూసింది. జీవి ఇంకా బలిసింది.

అదే రోజుల్లో క్లారెన్స్ మమ్మల్ని స్లూలోకి తీసుకెళ్ళాడు, ఆఖరి సాల్మన్లు వస్తున్నాయి రమ్మని. స్లూ అంటే నది ఎప్పుడో వదిలేసిన పాతపాయ. పెద్ద నది బురదగా ఉంటే ఇది అద్దంలా ఉంటుంది. అడుగున గులకరాళ్ళ సందుల్లోంచి భూమిలోని నీళ్ళు ఊరుతూ ఉంటాయి. అవి గోరువెచ్చన, అంటే ఆ దేశపు లెక్కన గోరువెచ్చన, మనకైతే గుండె ఆగుతుంది. నడిశీతాకాలంలో నది మీద బళ్ళు పరిగెత్తే రోజుల్లో కూడా ఈ ఊటలున్న చోట మంచు గట్టిగా కట్టదు. అందుకే చేపలు సముద్రం నుంచి ఇంత దూరం ఎదురీది, ఈ రాళ్ళని తోకతో తవ్వి, గుడ్లు పెట్టి, రాళ్ళు కప్పి, అక్కడే చచ్చిపోతాయి. ఒడ్డంతా కుళ్ళిన చేపలు. నేను ముక్కు మూసుకున్నాను.

"నీ సీసాల వాసన కంటే నయమే పంపూ," అన్నాడు క్లారెన్స్. అని, పడవ ఆపడానికి కర్ర కిందికి గుచ్చాడు.

కర్ర ఖణేల్మంది.

వాడు మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ ఖణేల్. ముగ్గురం వంగి చూశాం. అడుగున గులకరాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ మా ఇంట్లో మొజాయిక్ గచ్చులాగా ఒకదానికొకటి అతుక్కుని. ఆ గచ్చు మీద ఒక ఆడచేప పక్కకి ఒరిగి తోకతో కొడుతోంది. తవ్వుతున్నాననుకుంటోంది. కొట్టి కొట్టి తోక ఎముక దాకా అరిగిపోయింది. చుట్టూ గులాబీరంగు గుడ్లు, ఎవరో దండ తెగి పూసలు జారవిడిచినట్టు, దాచుకునే సందు లేక గచ్చు మీద దొర్లుతున్నాయి.

తిలోత్తమ నీళ్ళలోకి దిగి ఒక చేప అస్థిపంజరాన్ని పైకి తీసింది. దాని మీద సన్నగా గాజుపూత పూసినట్టు రాయి. చాలాసేపు చేతిలో తిప్పి చూసింది.

"మన మేత అక్కర్లేకుండా పోయిందండీ దానికి. చచ్చిన చేపల్ని తింటోంది."

క్లారెన్స్ ఆ ఆడచేపని రెండు చేతుల్తో ఎత్తి, పెద్ద నది దాకా మోసుకెళ్ళి వదిలాడు. అది అక్కడ ఏం చేస్తుందో వాడికీ తెలియదు.

ఆ సాయంత్రమే హాల్లో అందర్నీ కూర్చోబెట్టి తిలోత్తమ ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ అరవలేదు. వాళ్ళు అరవకపోవడం అలవాటు కావడానికి నాకు చాలాకాలం పట్టింది. మా గోదావరి జిల్లాలో ఈపాటికి కుర్చీలు లేచేవి.

"ఆపగలవా టిల్లీ?" అంది వెర్నా.

"మేత లేకపోతే చస్తుంది. మేత లేకపోవాలంటే చేప రాకూడదు."

"చేప రాకపోతే మేం దేనికి ఉంటాం ఇక్కడ?"

తిలోత్తమ మూసుకుపోయిన ఊటల గురించి కూడా హెచ్చరించింది. భూమిలోని వెచ్చటి నీళ్ళకి పాత దారులు మూసుకుపోయాయి, ఇంకెక్కడో పైకొస్తాయి, ఎక్కడో చెప్పలేను, ఈ ఏడు మంచుని నమ్మకండి అంది. క్లారెన్స్ లేచి, "మంచుని ఏ ఏడూ నమ్మం. పరీక్ష చేస్తాం," అన్నాడు.

చేశారు కూడా. నది గడ్డకట్టాక ఊళ్ళో తలపండినవాళ్ళు నలుగురైదుగురు ఇనప మొన ఉన్న కర్రలతో అడుగడుక్కీ పొడుచుకుంటూ వెళ్ళారు. గట్టిగా ఉన్న చోటల్లా ఒక విల్లో కొమ్మ పాతారు. ఆ కొమ్మలే అక్కడ రోడ్డు. ఒక కొమ్మ నుంచి చూస్తే ఇంకో కొమ్మ కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని మంచుబండి మీద కళ్ళు మూసుకుని వెళ్ళిపోతారు. పరీక్ష చెయ్యకుండా కొమ్మ పాతడమన్నది ఆ ఊళ్ళో ఎవరూ చెయ్యని పని. ఈ ఏడు ఎక్కువసార్లు పరీక్షించారు, దారులు మార్చారు, పాత కొమ్మలు పీకి కొత్తచోట పాతారు. మా పరికరాల దగ్గర మేం ఎర్ర జెండాలు కట్టుకునేవాళ్ళం. జెండాలు మావి, కొమ్మలు వాళ్ళవి.

జనవరిలో అక్కడ పగలన్నది పేరుకే. పొద్దు అడవి అంచున తల పెట్టి, ఊరు చూసి, వెనక్కి పోతుంది. నది మంచులోకి తిలోత్తమ దించిన వేడి కొలిచే తీగల్లో ఒకటి ఒక రోజు పొద్దున్న వింత అంకె చూపించింది. సరిగ్గా ఆ ఒంటిపాయ మధ్యలో, మంచు అన్నిటికన్నా దిట్టంగా ఉండాల్సిన చోట. చూసొస్తానని మంచుచెప్పులు కట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నం విమానంలో మట్టి నమూనాలు తీసుకుని నగరంలో ప్రయోగశాలకి వెళ్ళాలి. ఆ జీవిని చంపే దారి దొరుకుతుందేమోనని ఆవిడకి ఒకటే ఆశ. నేను పెట్టెలు కట్టే పనిలో ఉన్నాను. ఆవిడ నది మీంచి వచ్చేసరికే విమానం ఇంజన్ మోగుతోంది.

"నిజమేనండీ, ఊట మంచుని కింద తినేసింది," అని మాత్రం అరిచి ఎక్కేసింది. జెండా కట్టే వచ్చుంటుందనుకున్నాను.

క్లారెన్స్ ఆ పొద్దున్నే అవతలి ఒడ్డుకి, మంచు కింద వేసిన వల ఎత్తడానికి వెళ్ళాడు. విమానం వెళ్ళాక గాలి లేచింది. ఎండుమంచు లేచి ఆకాశం, నేల ఒకటే తెలుపైపోయాయి. పొయ్యి మీద వెర్నా పెట్టిన చారు ఇగిరిపోయింది. వాడు రాలేదు.

గాలి తగ్గాక అందరం వెళ్ళాం. తెల్లటి నది మధ్యలో నల్లటి గుండ్రటి నీళ్ళు, ఆవిరి కక్కుతూ. మంచుబండి ముందుభాగం అంచుకి తట్టుకుని వేలాడుతోంది. చేపల బుట్ట పక్కన బోర్లా పడి ఉంది. మనిషి లేడు. ఆ నీళ్ళకి అంచున, ఒరిగిపోయి, ఒక విల్లో కొమ్మ.

"ఇది ఎవరు పాతారు?" అన్నాడు మోజెస్. ఊళ్ళో అందరికన్నా పెద్దాయన, చెవులు సరిగ్గా వినపడవు కనక అన్నీ అరిచే చెబుతాడు.

పాతే నలుగురూ మొహాలు చూసుకున్నారు. నేను కాదంటే నేను కాదన్నారు. ఒకరి మాట ఇంకొకరు నమ్మారు, ఎందుకంటే ఆ విషయంలో ఆ ఊళ్ళో ఎవరూ అబద్ధమాడరు. మిగిలింది క్లారెన్సే.

"వాడే పాతాడన్నమాట," అన్నాడు మోజెస్. "ఊట మీద పాతాడు. ఊట మీదే వెళ్ళాడు."

ఎర్రజెండా ఏమైనా కనిపించిందా అని నేనడిగాను. లేదన్నారు.

సాయంత్రం ఫోనులో తిలోత్తమకి చెప్పాను.

"గుర్తు పెట్టే వచ్చేనండీ," అంది. "సరిగ్గా ఆ వెచ్చటి చోటే. దూరం నుంచి కూడా కనబడేలా పెట్టేను. అయినా ఎలా వెళ్ళేడండీ?"

"గాలికి జెండా కొట్టుకుపోయుంటుంది తిలా."

అవతల ఏడుపు వినిపించింది.

తరువాతి రోజుల్లో వాళ్ళు మంచుకి వరసగా కన్నాలు తొలిచి, పొడుగాటి కర్రలకి కొక్కాలు కట్టి, నది అడుగున వెతికారు. నేనూ వెళ్ళేవాణ్ణి. ఇంతకుముందు అడుగున ఇసుకలో కొక్కెం మెత్తగా దిగేదట. ఇప్పుడు ప్రతి కన్నంలోంచీ గచ్చు మీద ఇనుము గీసిన చప్పుడే. పట్టుకునేందుకు నది అడుగున ఒక దుంగ లేదు, ఒక దిబ్బ లేదు, ఒక మలుపు లేదు. పాయలున్న నది మనిషిని ఎక్కడో ఒకచోట ఒడ్డుకి చేరుస్తుందని వెర్నా అంది. ఈ కాలువ ఎక్కడ దింపుతుందో ఆవిడకి తెలియదు.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. క్లారెన్స్ పదేళ్ళ కిందట తాగుడు మానేశాడు. మళ్ళీ మొదలెట్టాడేమో అన్నారు. చేపల సంగతి చూసి మనసు విరిగి కావాలనే వెళ్ళాడేమో అని ఇంకొకరు. అన్నిటికన్నా పెద్ద మాట మోజెస్‌ది: "వాడు పాతిన కొమ్మల్లో ఇంకెన్ని తప్పో." దాంతో ఊరంతా వెళ్ళి నది మీదున్న కొమ్మలన్నీ పీకేశారు. రోడ్డు పోయింది. అవతలి ఒడ్డున వలలు మంచులోనే ఉండిపోయాయి. పై ఊరి చుట్టాలు రావాలంటే అడవిలోంచి, మోకాలి లోతు మంచులో నడిచి రావాలి.

ఒకరోజు వెర్నా వాళ్ళింట్లో పంపు బాగుచేస్తుంటే ఆవిడ అడిగింది. "పంపూ, వాడి పేరున భోజనం పెట్టాలి. అందరూ వస్తారు. వాడి గురించి ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు. చివర్న నేను చెప్పాలి, ఎలా పోయాడో. చెబితేనే వాడు వెళ్తాడు. ఏం చెప్పను? మంచు మర్చిపోయాడని చెప్పనా? తాగాడని చెప్పనా?"

"తాగలేదని మీకు తెలుసుగా."

"నాకు తెలుసు. ఆ కొమ్మకి తెలీదు."

కిటికీలోంచి గట్టు కనిపిస్తోంది. ఒక్క పెళ్ళ కూడా విరగలేదు. దాని పక్కనే, క్లారెన్స్ కట్టేసి వెళ్ళిన కుక్కలు ఇంకా నది వైపే చూస్తున్నాయి. పంపు బిగించాను. అంతకన్నా నా చేతిలో ఏముంది?

భోజనం రోజుకి తిలోత్తమ వచ్చింది. చిక్కిపోయింది. ప్రయోగశాలలో అన్నీ పోసి చూసింది. జీవిని చంపేది ఏదైనా చేపని కూడా చంపుతుంది. ఆ మాట విమానం దిగుతూనే చెప్పింది. హాల్లో మూస్ అనే పెద్ద దుప్పి మాంసం చారు, నూనెలో వేయించిన రొట్టెలు, బెర్రీలు, టీ. ముందు వరసలో ముసలివాళ్ళు. ఒక్కొక్కరూ లేచి క్లారెన్స్ కథలు చెబుతున్నారు. దిబ్బెక్కిన మా పడవ కథ కూడా ఎవరో చెప్పారు, నా నడకని అనుకరిస్తూ. నవ్వారు. మంచు గురించిన కథ మాత్రం ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్ళు మంచు మీద బతికినవాడి గురించి ఒక్క మంచు కథ లేదు.

వెర్నా లేచింది. చేతులు ముందు కట్టుకుని నిలబడింది.

"నా తమ్ముడు ఎలా పోయాడో నేను చెప్పాలి. నాకు తెలీదు. ఆ కొమ్మ వాడే పాతాడంటున్నారు. వాడు తప్పు కొమ్మ పాతడు. కానీ ఇంకెవరూ పాతలేదంటున్నారు. కనక నేను చెప్పలేకపోతున్నాను." కొమ్మలు పాతేవాళ్ళ వైపు తిరిగింది. "మీలో ఎవరైనా పాతుంటే చెప్పండి. కోపం తెచ్చుకోను."

తిలోత్తమ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏ కొమ్మండీ?" అంది తెలుగులో.

"ఆ నీళ్ళ అంచున విల్లో కొమ్మ ఉంది. ఎవరు పాతారో తెలీక..."

చెయ్యి వదిలేసింది. లేచి నిలబడింది.

"నేను పాతాను," అంది.

హాల్లో ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడు.

"నువ్వా? ఎందుకు టిల్లీ?"

"ఎవరూ రాకూడదని."

వెర్నా మొహంలో కోపం లేదు. అర్థం కాలేదు, అంతే. "రాకూడదని కొమ్మ పాతావా?"

తిలోత్తమ పెదవులు తడుపుకుంది. "మా వైపు రోడ్డు మీద గొయ్యి పడితే, పక్కనున్న చెట్టు కొమ్మ విరిచి అందులో పాతుతారు. ఎవరు ముందు చూస్తే వాళ్ళు. బస్సువాళ్ళకి తెలుసు, సైకిళ్ళవాళ్ళకి తెలుసు, బడికెళ్ళే పిల్లలకి తెలుసు. కొమ్మ ఉందంటే ఇటు రావద్దని. నా జెండాలు అయిపోయాయి. గట్టు మీద విల్లో ఉంది. మంచి పెద్ద కొమ్మ చూసి విరిచాను, దూరానికి కనబడాలని."

"రేడియోలో చెప్పలేదా?"

"విమానం వచ్చేసింది. కొమ్మ పాతాక ఇంక చెప్పేదేముంది అనుకున్నాను. మా ఊళ్ళో చెప్పరు."

వెర్నా ఇంకో మాట అడిగింది. "మరి మీవాళ్ళు, దారి ఇటుందని చెప్పడానికి ఏం పాతుతారు?"

"ఏమీ పాతం. దారి ఉంటే ఉంటుంది."

"మంచి దేశం," అంది వెర్నా. వెటకారం కాదు. తరువాత హాలు వైపు తిరిగింది. "విన్నారుగా. గాలి లేచింది. దారి కనబడలేదు. నా తమ్ముడికి ఒక కొత్త కొమ్మ కనిపించింది. మనలో ఎవరో పరీక్ష చేసి పాతారనుకున్నాడు. మీరందరూ ఏం చేస్తారో అదే చేశాడు. కొమ్మ దగ్గరికి వెళ్ళాడు."

మోజెస్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంటోంది? ఏమంటోంది?" అన్నాడు. వెర్నా వెళ్ళి ఆయన పక్కన వంగి వాళ్ళ భాషలో మొదట్నుంచీ చెప్పింది. గొయ్యి చెప్పడానికి చేత్తో గుంటలాగా చూపించింది, కొమ్మ చెప్పడానికి అందులో వేలు నిలబెట్టింది. ఆయన ఆ వేలు వైపు చూస్తూ ఉండిపోయాడు. తరువాత ఏదో అడిగాడు.

"తాగలేదా అంటున్నాడు," అంది వెర్నా మాకు. ఆయన వైపు తిరిగి ఒక్క మాటే అంది. ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. పై ఊరి వాళ్ళు, అడవి దారిన నడిచి వచ్చినవాళ్ళు, కనుబొమల మీద మంచుతో, కాళ్ళు దులుపుకుంటూ లోపలికొచ్చారు. క్లారెన్స్ చుట్టాలు, వాళ్ళ పిల్లలు. ఎవరో లేచి కుర్చీలిచ్చారు. ఎవరో చారు పోశారు. అందరూ సర్దుకునేదాకా వెర్నా ఆగింది.

"టిల్లీ," అంది. "వీళ్ళు వినలేదు. నువ్వే చెప్పు. మొదట్నుంచీ."

తిలోత్తమ ఇంకా నిలబడే ఉంది. ముందున్న కుర్చీ వీపుని రెండు చేతుల్తో పట్టుకుంది. నేను లేవబోతే, తల అడ్డంగా ఊపింది.

"మా వైపు," అంది, "రోడ్డు మీద గొయ్యి పడితే..."